ముప్పావు ఇంచు పైపు

"డిజిటల్ వైరు మంచిదా, అనలాగ్ మంచిదా, ఒక్క ముక్కలో చెప్పండి అంకుల్" అని ఫోన్ చేసే పిల్లలకు ముందే చెప్తున్నాను. ఒక్క ముక్కలో చెప్పను. ఒక్క ముక్కలో చెప్పేవాళ్ళు అమ్మేవాళ్ళు. నేను బిగించేవాణ్ణి. అమ్మేవాడికి పెట్టె గడప దాటితే పని అయిపోతుంది. బిగించేవాడికి అక్కణ్ణుంచే మొదలవుతుంది.

సిద్దిపేటలో ఒకే ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు చిన్న షట్టర్ గది కిరాయికి తీసుకుని నా పని నేను చేసుకున్నాను. పోయిన ఏడాది నా మోకాళ్ళు ఇక నిచ్చెన ఎక్కమని మొండికేశాయి, మానేశాను. దుకాణం ఎందుకు వదిలావని ఇప్పటికీ అడుగుతుంటారు. సేటుతో పడలేదనీ, తలపొగరనీ, కొత్త పని నేర్చుకోలేక పోయాననీ ఊళ్ళో రకరకాలుగా చెప్పుకున్నారు. తలపొగరు మాట ఒప్పుకుంటాను. మిగతావి ఒప్పుకోను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను, ఎందుకంటే అందరం ఇదే ఊళ్ళో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ బతకాలి.

ముందు వైర్ల సంగతి రెండు మాటల్లో చెప్తాను, ఓపిక పట్టండి. పాత రకం, అంటే అనలాగ్, బొమ్మ కోసం మూడు వైర్లు. మొనలకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగులుంటాయి. దూరం పెరిగేకొద్దీ బొమ్మ కొంచెం కొంచెంగా మెత్తబడుతుందే తప్ప మాయమైపోదు. కొత్త రకం, అంటే డిజిటల్, ఒక్కటే వైరు. బొమ్మ, శబ్దం రెండూ అందులోనే పోతాయి. వచ్చినంతసేపు కడిగిన అద్దంలా వస్తుంది. దూరం ఎక్కువై దానికి చేతకాకపోతే మెత్తబడటం ఉండదు, తెర నల్లగా అయిపోతుంది. ఇంకో తేడా దుకాణంలో ఎవరూ చెప్పరు. అనలాగ్ వైరును మనకు కావలసినంత కోసుకుని, పైపులోంచి లాగేశాక చివర్లకు మొనలు అతికించుకోవచ్చు. డిజిటల్ వైరుకు మొన ఫ్యాక్టరీలోనే వస్తుంది. బొటనవేలంత వెడల్పుంటుంది. ఆ మొన పైపులో పట్టకపోతే వైరు ఎంత ఖరీదైనదైనా దారంలా కట్టుకోవడానికి కూడా పనికిరాదు.

ఇక మనిషి సంగతి. మా ఊళ్ళో ఒక పెద్దాయన పీఓపీ పని చేసేవాడు. ఇళ్ళ సీలింగులకు తెల్లటి పిండితో పూలూ తీగలూ పోస్తారే, ఆ పని. అందరూ చాచా అనే పిలిచేవాళ్ళు. సిద్దిపేటలో పాత ఫంక్షన్ హాళ్ళలో తల పైకెత్తి చూస్తే కనిపించేది చాలావరకు ఆయన చేతి పనే. చిన్నకోడూరు, బెజ్జంకి దాకా పిలిపించుకునేవాళ్ళు. అచ్చులు బజార్లో కొనేవాడు కాదు, స్వయంగా చెక్కుకునేవాడు. ఊరందరి కప్పులూ చేసి, తన ఇంటికి మాత్రం అరవై దాటాక చేసుకున్నాడు. రోజంతా బయట పని చేసి వచ్చి, సాయంత్రం చీకటి పడేలోపు ఒక మూర, ఒక మూర. నాలుగు నెలలు పట్టింది. హాలు చుట్టూ ద్రాక్షతీగ. అందులో ఏ రెండు గుత్తులూ ఒక్క తీరుగా ఉండవు. "అచ్చుతోని పోస్తే ఊరోళ్ళకు, చేతితోని చేస్తే నా ఇంటికి" అనేవాడు.

ఆ సీలింగ్ మొదలుపెట్టే ముందు నన్ను పిలిపించాడు. ఎప్పటికైనా ఆ హాల్లో పెద్ద తెర పెట్టుకోవాలని ఆయన కోరిక. పీఓపీ పోసేశాక వైరు పోనివ్వడం కుదరదు కదా, అందుకని స్లాబుకు ముందే పైపు బిగించి, లోపల ఒక ఇనుప తీగ వదిలి పెట్టాలి. తర్వాత ఏ వైరు కావాలన్నా ఆ తీగకు కట్టి లాగుకోవచ్చు. మా దగ్గర అందరం చేసే పనే అది. అప్పటికే ఆయన ఇంచున్నర పైపు తెచ్చి గోడకు ఆనించి పెట్టుకున్నాడు.

"గింత లావుది ఎందుకు చాచా?" అన్నాను.

"రేపు ఏం వైర్లొస్తయో ఎవలకెరుక బేటా? జర పెద్దది ఉంటే మంచిది గదా."

"ఏమొస్తది? మూడు రంగుల వైర్లే. ముప్పావు ఇంచు బరాబర్ సరిపోతది. లావు పైపు ఏస్తే నీ సీలింగ్ ఇంకింత కిందికి దించాలె. పని ఖరాబైతది."

"నువ్వు టీవీల పనోనివి, నీకు ఎరుకుంటది. నువ్వు చెప్పినట్టే కానీ."

ఆయన ఇంచున్నర పైపు వాపసు ఇచ్చి ముప్పావు ఇంచుది తెచ్చాడు. నేనే బిగించాను. అప్పటికే పట్నంలో డిజిటల్ వైర్లు వచ్చాయని చదివాను కూడా. మన దాకా ఎక్కడ వస్తాయిలే అనుకున్నాను. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, నాకెవడు చెప్పాలి అనే ధీమా. మీరు రాసుకోవలసింది ఏమైనా ఉంటే ఇది రాసుకోండి.

ఆరేళ్ళు గడిచాయి. చాచాకు చేతులు వణకడం మొదలై పని మానేశాడు. చాయ్ కప్పు రెండు చేతులతో పట్టుకుని తాగేవాడు. ఆయన కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టి బాగానే నిలదొక్కుకున్నాడు. నాయన కోరిక తీరుద్దామని, ఈద్ ఇంకా వారం ఉందనగా మా దుకాణానికి వచ్చి ప్రొజెక్టర్, తెర, స్పీకర్లు అన్నీ కొన్నాడు. చుట్టాలు వచ్చేసరికి అంతా నడవాలని మాట తీసుకున్నాడు. మా సేటు సంతోషంగా మాట ఇచ్చాడు. సేటు నాకంటే పదేళ్ళు చిన్న. గిరాకీ ముందు నన్ను అన్నా అనేవాడు, షట్టర్ దించాక ఒరేయ్ అనడమొక్కటే తక్కువ. ఆ మధ్యే దుకాణం బయట "అంతా డిజిటల్" అని పెద్ద బోర్డు పెట్టించాడు.

బిగించడానికి నేనూ, మా దుకాణంలో డిష్‌లు పెట్టే దోస్తూ పోయాం. ప్రొజెక్టర్ వెనక గోడ దగ్గర సీలింగ్‌కు వేలాడదీశాం. సీడీ ప్లేయరూ, డిష్ బాక్సూ ముందు గోడ కింద. మధ్యలో నేను బిగించిన పైపు. రెండు మలుపులు, పధ్నాలుగు మీటర్లు. సేటు ఇచ్చిన డిజిటల్ వైరు తీసి, మొనను పైపు నోటికి ఆనించి చూశాను. పట్టలేదు. సబ్బు రాశాను. మొనకున్న ప్లాస్టిక్ తొడుగు గీకాను. అయినా పట్టలేదు.

నేను నిచ్చెన దిగి పైపు వైపు చూస్తూ ఉన్నాను. ఈలోగా మా దోస్తు కటింగ్ ప్లేయర్ తీసుకుని వైరు మొనను కటుక్కుమని కోసేశాడు.

"ఏం జేసినవ్‌రా?"

"మొన పడ్తలేదంటివి గదా. పైపుల నుంచి గుంజినంక మళ్ళ అతుకు పెడదాం. డిష్ వైరుకు పెడ్తలేమా?"

తప్పు వాడిది కాదు. ఇరవై ఏళ్ళు వాడు చేసిన పని అదే. డిష్ కేబుల్ కోసి, లాగి, మొన పెట్టి, దిగిపోవడం. కోసిన చోట తొడుగు ఒలిచి చూస్తే పంతొమ్మిది తీగలు, వెంట్రుకల్లాంటివి. వాడు వాటి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "గివన్ని ఒక్క దాంట్లనే ఉంటయా?" అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా నాకు నవ్వొచ్చింది. కానీ వైరు పోయింది. సేటుకు ఫోన్ చేయక తప్పలేదు.

సేటు వచ్చాడు. ముందు మా దోస్తును నాలుగు మాటలు అన్నాడు. తర్వాత చాచా కొడుకును పక్కన పెట్టుకుని పైకి చూశాడు.

"గీ పైపు ఎవలేసిన్రు? గింత సన్నది ఏస్తరా ఎవలన్న? పాతకాలం మేస్త్రీల పని గిట్లనే ఉంటది. పైకి పూలు పువ్వులు, లోపట తెలివి సున్న."

కొడుకు తండ్రి వైపు తిరిగాడు. ఆయన్ని ఇంట్లో అబ్బా అంటారు. "అబ్బా, ఎందుకు గంత సన్నది ఏసినవ్? ఎవలనన్న అడిగి ఏస్తే అయిపోవు గదా."

చాచా దివాన్ మీద కూర్చుని ఉన్నాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. ఒక్కసారే. తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. "అయిపోయింది బేటా. ఏం జేస్తం" అన్నాడు.

నేను ఆ హాల్లోనే, ఆయనకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాని మొనకు అంటిన సబ్బు తుడుచుకుంటూ ఉన్నాను. నోరు తెరవలేదు. ఎందుకు తెరవలేదంటే భయం. సేటు అప్పటికే కొత్త వాళ్ళను పెట్టుకునే ఆలోచనలో ఉన్నాడు, ఒక సాకు కోసం చూస్తున్నాడని నాకు తెలుసు. నా బతుకు మొత్తంలో నేను ఇంత సిగ్గుపడే పని ఇంకోటి చేయలేదు.

సేటు అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు. రేపు కటింగ్ మిషన్ తెచ్చి, ముందు గోడ నుంచి వెనక గోడ దాకా సీలింగ్ జానెడు వెడల్పు కోసి, కొత్త పైపు వేసి, జిప్సం వాళ్ళతో మూయించాలి. ద్రాక్షతీగ మధ్యలోంచి. పక్కనుంచి వైరు పోనిద్దామంటే స్లాబుకూ పీఓపీకీ మధ్య చెయ్యి పట్టే సందు లేదు, అడుగడుక్కీ నార కలిపిన పీఓపీ ముద్దలు. గోడ వెంబడి పైనుంచి వైరు తిప్పుదామంటే దూరం రెట్టింపవుతుంది, డిజిటల్ వైరు అంత దూరం మోయదు. "రేపు మా అన్న వచ్చి కోస్తడు. ఆయిన చెయ్యి సాఫ్ ఉంటది" అని నా భుజం తట్టాడు సేటు. నేను తల ఊపాను.

కొడుకు ఒప్పుకున్నాడు. చాచా ద్రాక్షతీగ వైపు చూశాడు. ఆ చేతులతో ఆయన మళ్ళీ ఒక్క ఆకు కూడా చేయలేడని ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు.

తెల్లవారి దుకాణం తెరవగానే సేటు కటింగ్ మిషన్ నా ముందు పెట్టాడు. నేను దాన్ని తీసుకోలేదు.

"నేను కొయ్య సేటు."

"ఎందుకు కొయ్యవ్?"

"అవసరం లేదు గన్క. ముప్పావు పైపుల మూడు డిష్ వైర్లు పడ్తయ్. వాటికే మూడు రంగుల మొనలు పెడ్త. అనలాగ్‌ల నడిపిస్త. పధ్నాలుగు మీటర్లు దానికి ఓ లెక్క గాదు."

సేటు నవ్వాడు. "అనలాగా? బయట బోర్డు సూసినవా? గంత పెద్ద ప్రొజెక్టర్ అమ్మి డిష్ వైర్ల మీద నడిపిస్తే ఊరంత నవ్వుతది. ఆ జమాన అయిపోయింది అన్నా."

"బొమ్మ సూసి నవ్వుమను. వైరు సూసి కాదు."

"నేను జెప్పింది చెయ్యి. లేకపోతే ఇంకోన్ని పంపుత. అప్పుడు నువ్వు మళ్ళ గీ దుకాణానికి రాకు."

కటింగ్ మిషన్ దుకాణానిది, అక్కడే వదిలేశాను. పనిముట్ల సంచి నాది, భుజాన వేసుకున్నాను. బయట మా దోస్తు బండి మీద డిష్ కేబుల్ చుట్ట ఉంది. వాడు ఏమీ అడక్కుండా చుట్ట తీసి నా చేతిలో పెట్టాడు. "ముందుగాల పౌడర్ పుయ్యి, గుంజేటప్పుడు మలుపు కాడ తిరగవడకుంట వస్తయ్" అన్నాడు. నిన్న తిట్లు తిన్నవాడు వాడు. నా కంటే ధైర్యంగా ఉన్నాడు.

సేటు ఇంకో మనిషిని వెతికి పంపేలోపు నేను చాచా ఇంటికి చేరాలి. చేరాను. కొడుకు దుకాణానికి పోబోతూ గుమ్మంలో ఉన్నాడు. కోడలు తన చిన్నపిల్లకు టిఫిన్ పెడుతోంది. చాచా అదే దివాన్ మీద ఉన్నాడు. సంచి కింద పెట్టకముందే చెప్పేశాను. కింద పెడితే ధైర్యం కూడా దిగిపోతుందని భయం.

"తమ్మీ, నిన్న మీ నాయిన్ని అన్నరు గదా, పైపు సన్నదేసిండని. ఆయిన ఇంచున్నర పైపు తెచ్చుకున్నడు. నేనే వద్దన్న. ముప్పావు చాలన్న. నేనే బిగించిన. తప్పు మీ నాయినది గాదు, నాది. నిన్న సేటు ముంగట చెప్పకపోవుడు గూడ నా తప్పే."

కొడుకు తండ్రి దగ్గరికి వెళ్ళి "మరి నిన్న చెప్పకపోతివి అబ్బా?" అన్నాడు.

"ఏం చెప్పాలె? సేటు ముంగట చెప్తే ఈని నౌకరీ పోతుండె" అన్నాడు చాచా. "సీలింగ్ పోతే పోయింది. గదేమన్న అన్నం పెడ్తదా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, దాచిపెట్టేదేముంది. నాలుగు నెలలు చేతులారా చేసుకున్న పనిని ఆ మనిషి నా ఉద్యోగం కోసం వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. నేను ఒక్క మాట అనడానికి సిద్ధపడలేదు. కళ్ళు తుడుచుకుని నిచ్చెన ఎక్కాను.

ఆరేళ్ళ క్రితం వదిలిన ఇనుప తీగ లోపల అలాగే ఉంది, తుప్పు కూడా పట్టలేదు. మూడు డిష్ వైర్లు కలిపి కట్టి, పౌడర్ పూసి, కొడుకు కింద నుంచి అందిస్తుంటే నేను పై నుంచి లాగాను. మొదటి మలుపు దాటాయి. రెండో మలుపు దగ్గర బిగుసుకున్నాయి. వెనక్కి ఒక జానెడు, ముందుకు రెండు జానలు. అరగంట పట్టింది. మూడు కొసలూ ఇవతలికి వచ్చినప్పుడు కోడలు కూడా చప్పట్లు కొట్టింది. మొనలు అతికించి, రంగు టేపులు చుట్టి, స్విచ్ వేశాను.

తెర మీద మనుషులందరికీ నీలం మొహాలు వచ్చాయి.

సరిగ్గా అప్పుడే సేటు లోపలికి వచ్చాడు. వెంట కటింగ్ మిషన్ పట్టుకున్న ఒక కొత్త మనిషి. సేటు తెర వైపు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గిదేనా అన్నా నీ అనలాగ్? మంచిగనే ఉన్నది. అందరికి విషం తాపినట్టు అవుపడ్తుండ్రు."

పిల్ల కిసుక్కున నవ్వింది. నిజం చెప్పాలంటే చాచా కూడా నవ్వాడు. పైపులోపల మూడు వైర్లూ ఒకే నలుపు. తొందరలో పై చివరన ఎరుపు, నీలం టేపులు తారుమారు చేశాను. నిచ్చెన ఎక్కి రెండు మొనలు మార్చి పెట్టాను. మొహాలు మొహాల రంగుకు వచ్చాయి. ఒక ఆటగాడు బంతి విసరడానికి పరుగెత్తుతున్నాడు. గోడంత ఉన్నాడు. చెమట కూడా కనిపిస్తోంది.

సేటు వదల్లేదు. తను తెచ్చిన కొత్త డిజిటల్ వైరు నేల మీద హాలు పొడవునా పరిపించి, అది కూడా ప్రొజెక్టర్‌కు పెట్టించాడు. రిమోట్‌తో ఇటు ఒకసారి, అటు ఒకసారి మార్చి చూపించాడు. "అందరు సూడుండ్రి. ఏది మంచిగుందో మీరే చెప్పుండ్రి."

కొడుకు నన్ను అడిగాడు. "అన్నా, నువ్వే చెప్పు. నిజం చెప్పు."

అక్కడ అబద్ధం చెప్పి గెలవచ్చు. చాలామంది చెప్తారు. అంతకుముందు రోజైతే నేనూ చెప్పేవాణ్ణేమో.

"డిజిటల్‌దే జర సాఫ్ ఉన్నది. అక్షరాల అంచులు సూడు, తెలుస్తది. ఇంకోటి గూడ చెప్తున్న. ముందు ముందు కొన్ని కొత్త సీడీలు, కొన్ని బాక్సులు అనలాగ్ మీద పూర బొమ్మ పంపయి, కావాలనే ఆపుతయి. గది గూడ తెలుసుకోని ఆలోచన జెయ్యి."

"విన్నరా?" అన్నాడు సేటు. "ఆయిన నోటితోనే ఒప్పుకున్నడు."

"ఒప్పుకున్న. ఎందుకు ఒప్పుకోను? వైరు బాగలేదని నేనెప్పుడన్న? కొయ్యద్దన్న. రెండు మాటలకు ఫరక్ లేదా సేటు?"

సేటు కొత్త మనిషికి సైగ చేశాడు. అతను నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. అప్పుడే తెర నల్లబడింది. రెండు క్షణాలు. మళ్ళీ వచ్చింది. డిజిటల్ వైరు మీద నడుస్తోంది అప్పుడు. "బాక్స్‌ల ఏదో లొల్లి ఉన్నట్టుంది" అన్నాడు సేటు. కాసేపటికి మళ్ళీ నల్లబడింది, వచ్చింది. పధ్నాలుగు మీటర్ల దూరానికి ఆ వైరు ఏం చేస్తుందో నాకు తెలుసు. ఇంకా లావు వైరు తెప్పిస్తే ఆ జబ్బు పోతుందనీ తెలుసు.

అంతసేపూ మాట్లాడనిది కోడలు. రిమోట్ తీసుకుని అనలాగ్‌కు మార్చి, సోఫాలో కూర్చుంది.

"భయ్యా, నేనైతే గీడనే కూసోని సూస్త. గీడికెల్లి నాకు ఏం ఫరక్ అవుపడ్తలేదు. సీలింగ్ మాత్రం దినాం అవుపడ్తది. గిది కోసినంక నేను అబ్బా మొహం ఎట్ల సూడాలె?"

కొడుకు నిచ్చెన దగ్గరికి వెళ్ళి కొత్త మనిషి చేతిలోంచి మిషన్ తీసుకుని కింద పెట్టాడు. "వద్దు సేటు. గిట్లనే ఉండనియ్. పైపు గూడ మా అబ్బా తప్పు గాదు, అన్ననే ఏసిండంట."

సేటుకు మొహం ఎర్రబడింది. గిరాకీని ఏమనలేడు కాబట్టి నన్ను అన్నాడు. ప్రొజెక్టర్‌కు ఏమైనా అయితే దుకాణం పూచీ ఉండదన్నాడు. ఇరవై రెండేళ్ళ పనోడివని చూశాను, ఇక నీ మొహం నా దుకాణంలో కనిపించకూడదన్నాడు. "పైపు నువ్వే ఏసినవంట గదా, నిన్ననే చెప్తే అయిపోవు" అని కూడా అన్నాడు. ఆ ఒక్క మాట నిజం. మిగతా వాటికి జవాబు చెప్పాను. దానికి చెప్పలేదు.

అలా పోయింది నా ఉద్యోగం. మొదటి ఏడాది కష్టమే అయింది. అబద్ధం ఎందుకు, ఇంట్లో మాటలు పడ్డాను. "ఎవల సీలింగో కోస్తే నీకేంది?" అని మా ఆవిడ అడిగింది. ఆమెను తీసుకెళ్ళి ఆ సీలింగ్ చూపించాను. కాసేపు చూసి, ఇంటికి వచ్చాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత తర్వాత జనం నా షట్టర్ వెతుక్కుంటూ వచ్చారు. గోడ కొట్టకుండా పని చేసేవాడొకడు ఉన్నాడట అని జగదేవ్‌పూర్ నుంచి కూడా వచ్చారు. అనలాగే గొప్పదని నేను ఎవరికీ చెప్పలేదు. కొత్త ఇళ్ళవాళ్ళకు డిజిటల్ వైరే వేశాను, రెండించుల పైపులో. పాత ఇళ్ళవాళ్ళకు ఇంట్లో ఉన్నదేదో చూసి, దానికి తగ్గట్టు చేశాను. కొత్తది వచ్చిందని చెప్పగానే ఉన్నదాన్ని పగలగొట్టడం తెలివి అని ఎవరైనా అంటే ఇప్పుడు కూడా కొట్లాడతాను. తెలివి కాదు, తొందర. అమ్ముకునేవాడి తొందర మన ఇంటి గోడల మీద పడుతుంది.

నాలుగేళ్ళకు నేను చెప్పినట్టే అయింది. చాచా ఇంట్లో కొత్త బాక్స్ అనలాగ్ మీద బొమ్మ పంపనని మొరాయించింది. కొడుకు ఫోన్ చేశాడు. అప్పటికి సన్నటి గాజు తీగతో చేసిన డిజిటల్ వైరు వచ్చింది. దాని పెద్ద మొన ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. లోపల మిగిలే మొన చిటికెన వేలు గోరంత. ఎంత దూరమైనా తెర నల్లబడదు. పట్నం నుంచి తెప్పించుకుని పోయాను. పైపులో ఉన్న మూడు డిష్ వైర్లకే కొత్త వైరు కట్టి, అవతలి నుంచి వాటిని లాగాను. అవి ఇవతలికి వస్తూ దాన్ని వెంట తెచ్చాయి. అరగంట కూడా పట్టలేదు. తెర వెలిగింది. ఈసారి నేను కూడా వంక పెట్టలేని బొమ్మ.

చాచా అప్పటికి మంచం పట్టాడు. మంచం హాల్లోనే, ద్రాక్షతీగ కింద వేశారు. చూపు ఆనీ ఆనకుండా ఉంది. కొడుకు, కోడలు, చుట్టాలు ఇంకో నలుగురు ఉన్నారు. నేను నిచ్చెన దిగుతుంటే ఆయన చెయ్యి కొంచెం ఎత్తి పిలిచాడు. దగ్గరికి వెళ్ళాను.

"పైపుల పట్టిందా బేటా?"

"పట్టింది చాచా."

"కొయ్యలేదు గదా?"

"ఒక్క ఆకు గూడ కొయ్యలే."

"అయితే మన ఇద్దరి తప్పు ఏం లేదన్నట్టే" అన్నాడు.

"నీ తప్పు ఎప్పుడు లేకుండె చాచా. నాదే ఉండె" అన్నాను. హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ వినబడేటట్టు, గట్టిగా అన్నాను.